ఓనర్ మారాడు, కుక్క సంగతేంటి? మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లో కిరాయిదారుల హక్కులు

కొత్త ఓనర్ ఇల్లు చూసుకోవడానికి మొదటిసారి వచ్చిన రోజే ఇది మొదలవుతుంది. గేటు గొళ్ళెం చప్పుడుకి లోపలి నుంచి కుక్క మొరుగుతుంది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి "ఇదెవరిది?" అంటాడు. "మాదే సేఠ్, నాలుగేళ్ళ నుంచి ఉంది, పాత మాలక్‌కి తెలుసు" అని కిరాయిదారు జవాబు. "ఆయనకు తెలిస్తే ఆయనకు తెలుసు. ఇప్పుడు ఇల్లు నాది. వచ్చే ఒకటో తారీఖుకి కుక్కన్నా పోవాలి, మీరన్నా పోవాలి." బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు దగ్గరి గల్లీ అయినా, ధర్మాబాద్‌లో మిర్చి మార్కెట్ వెనక వాడ అయినా, సిరోంచలో ప్రాణహిత వైపు ఇల్లయినా మాటలు ఇంచుమించు ఇవే.

ఆ తర్వాత ఇరుపక్షాలూ చెప్పుకునే మాటలు కూడా ఇంచుమించు ఒకటే. ఓనర్ వైపు: నా ఇల్లు, నా రూలు. కిరాయిదారు వైపు: కుక్కను పెంచుకోవడం నా హక్కు, ఎవరూ ఆపలేరని సుప్రీంకోర్టే చెప్పిందట. రెండూ తప్పే. కుక్క గురించి మహారాష్ట్ర అద్దె చట్టంలో ఒక్క సెక్షన్ కూడా లేదు. పిల్లి గురించీ లేదు. చట్టం చూసేది ఒక్కటే: ఈ కొత్తాయన కొన్నది ఏమిటి? గోడలూ పైకప్పూ మాత్రమేనా, లేక పాత ఓనర్ కిరాయిదారుకు ఇచ్చిన మాటను కూడా కలిపి కొన్నాడా? జవాబు కిరాయిదారు ట్రంకుపెట్టెలో ఏ కాగితం ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. అసలు కాగితమే లేకపోవడాన్ని బట్టి కూడా ఉంటుంది. ఆ రెండోది వినడానికి వింతగా ఉన్నా నిజం. దాని సంగతి తర్వాత.

ముందు ఈ జిల్లాల సంగతి కొంచెం. చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్‌లలో తెలుగువాళ్ళు నిన్నమొన్న వచ్చినవాళ్ళు కారు. రాజురా, కిన్వట్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేవి. బొగ్గు గనులకీ, చంద్రపూర్ థర్మల్ ప్లాంటుకీ, రైల్వేకీ పనికోసం వచ్చి స్థిరపడ్డవాళ్ళు వేరే. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, కాగితం మీద మరాఠీ. ఇక్కడి కిరాయి గొడవల్లో సగం ఆ మూడో భాష దగ్గరే పుడతాయి. కరారునామాలో "పాళీవ్ ప్రాణీ ఠేవణ్యాస్ మనాయీ ఆహే" అని ఒక వాక్యం ఉంటుంది. పెంపుడు జంతువుల్ని ఉంచరాదు అని దానర్థం. పాళీవ్ అన్న మాట విని పాలిచ్చే గేదెల సంగతేమో అనుకుని, 'మనకు బర్రెలెక్కడివిలే' అని సంతకం పెట్టేస్తే అయిపోయింది. పాళీవ్ అంటే పాలిచ్చేది కాదు, పెంచుకునేది.

చట్టాల చరిత్ర కూడా ఇక్కడ రెండు ముక్కలు. చంద్రపూర్ వైపు 1949 నాటి సీపీ అండ్ బేరార్ (సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ అనే పాత ప్రావిన్స్) అద్దె ఉత్తర్వు, నాందేడ్ వైపు 1954 నాటి హైదరాబాద్ అద్దె చట్టం నడిచేవి. 2000 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చిన మహారాష్ట్ర రెంట్ కంట్రోల్ చట్టం, 1999 ఈ రెంటినీ, బొంబాయి చట్టాన్నీ తీసేసి ఒక్కటి చేసింది. అయితే ఇది రాష్ట్రంలో ప్రతి ఊరికీ వర్తించేది కాదు. చట్టం వెనక ఉన్న షెడ్యూళ్ళలో పేరున్న ప్రాంతాలకే వర్తిస్తుంది. పట్టణంలో ఇల్లయితే తాలూకా కోర్టు దగ్గర ఏ వకీలునడిగినా రెండు నిమిషాల్లో చెప్పేస్తాడు. పల్లెలో ఇల్లయితే చాలావరకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే గతి. కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళ లెక్క పూర్తిగా వేరు, వాళ్ళకు ఈ వ్యాసం పనికిరాదు.

కొన్నది ఇల్లా, ఇంటితోపాటు మాటా?

ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 109 ఈ ప్రశ్నకు సూటిగా జవాబిస్తుంది. అద్దెకిచ్చిన ఇంటిని ఓనర్ అమ్మితే, కొన్నవాడికి పాత ఓనర్ హక్కులన్నీ వస్తాయి. కిరాయిదారు కోరితే పాత ఓనర్ బాధ్యతలు కూడా వస్తాయి. 'కిరాయిదారు కోరితే' అన్న ఆ ముక్క చాలా ముఖ్యం. అంటే కొత్త ఓనర్ కొత్తగా ఒప్పందం మొదలుపెట్టడం లేదు, నడుస్తున్న ఒప్పందంలోకి వచ్చి పాతాయన కుర్చీలో కూర్చుంటున్నాడు. పాతాయన కుక్కకు ఒప్పుకుని ఉంటే, ఆ ఒప్పుకోలు ఒప్పందంలో భాగమైతే, ఒప్పందం గడువు తీరేదాకా కొత్తాయనకూ అదే వర్తిస్తుంది. షరతు మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. గోడ మీద 'కుక్కలకు ప్రవేశం లేదు' అని బోర్డు పెట్టినంత మాత్రాన షరతు మారదు. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినా మారదు.

అదే సెక్షన్‌లో కిరాయిదారుకు పనికొచ్చే ఇంకో ఏర్పాటు ఉంది. ఇల్లు అమ్మారన్న సంగతి తెలియక పాత ఓనర్‌కే కిరాయి కట్టేస్తే, కొత్త ఓనర్‌కు మళ్ళీ కట్టక్కర్లేదు. అలాగే అమ్మకానికి ముందు బాకీ పడ్డ కిరాయిని కొత్తాయన అడగలేడు. ఎవరో వచ్చి 'ఇల్లు నాది' అన్నంత మాత్రాన డబ్బు చేతిలో పెట్టక్కర్లేదు. మహారాష్ట్రలో అమ్మకం రిజిస్టరైతే ఇండెక్స్-2 అనే కాగితం వస్తుంది. అందులో అమ్మినవారు, కొన్నవారు, ఆస్తి వివరాలు అన్నీ ఉంటాయి. దాని జిరాక్స్ అడగడంలో తప్పులేదు. గ్రామ పంచాయతీ ఇళ్ళకు నమునా-8 ఉతారాలో (ఇళ్ళ రికార్డు నకలులో) పేరు మారిందో లేదో చూడొచ్చు.

తండ్రి పోయి కొడుకు ఓనరైతే ఏంటన్నది ఇంకో తరచూ వచ్చే ప్రశ్న. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 37 ప్రకారం, చనిపోయినవారి ఒప్పందాలు మామూలుగా వారసులకూ వర్తిస్తాయి. 'మా నాన్న మంచివాడు, నేను కాదు' అన్న మాట చట్టంలో చెల్లదు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఇక్కడే అసలు మెలిక.

సెక్షన్ 109 రక్షణ అద్దెదారుకు, అంటే మరాఠీలో భాడేకరూకు. ఈ రోజుల్లో మహారాష్ట్రలో పట్టణపు ఇళ్ళకు రాసుకునేది ఎక్కువగా భాడే కరారు కాదు, 'లీవ్ అండ్ లైసెన్స్'. ఇంట్లో ఉండేవాడికి రెంటి మధ్య తేడా కనిపించదు. అదే తాళం, అదే నల్లా, ఒకటో తారీఖున అదే డబ్బు. చట్టం దృష్టిలో మాత్రం భాడేకరూకు ఆ ఇంటిలో హక్కు ఉంటుంది, లైసెన్సుదారుకు ఉండేది అనుమతి మాత్రమే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 59 ఏమంటుందంటే, లైసెన్స్ ఇచ్చినవాడు ఆస్తిని వేరేవాళ్ళకు బదిలీ చేస్తే, తీసుకున్నవాడు ఆ లైసెన్స్‌కు కట్టుబడి ఉండాల్సిన పనిలేదు. ఒక్క వాక్యం. దాంతో కుక్క సంగతి పక్కకుపోయి మనిషి సంగతే ప్రశ్నార్థకమవుతుంది. కొత్త ఓనర్ కుక్కను వద్దనడం దేనికి, లైసెన్స్‌నే ఒప్పుకోను అనొచ్చు.

కాగితం మీద పేరు లైసెన్సైనా అసలుకు అది అద్దేనని వాదించొచ్చు కదా? దేశంలో చాలాచోట్ల వాదించొచ్చు. ఇంటిని పూర్తిగా ఎవరి చేతికిచ్చారు, ఇద్దరి ఉద్దేశం ఏమిటి అన్నవి చూడాలి, కాగితం మీద రాసిన పేరొక్కటే చూడకూడదు అని సుప్రీంకోర్టు 1959లోనే అసోసియేటెడ్ హోటల్స్ కేసులో చెప్పింది. కానీ మహారాష్ట్ర అద్దె చట్టం సెక్షన్ 24 వివరణలో, రాతపూర్వక లైసెన్స్ ఒప్పందంలో ఉన్న విషయానికి ఆ కాగితమే తిరుగులేని సాక్ష్యం అని ఉంది. కాబట్టి ఈ రాష్ట్రంలో ఆ వాదన నిలబెట్టడం కష్టం. పక్కనే ఉన్న మంచిర్యాలలోనో నిజామాబాద్‌లోనో బంధువుకు పనికొచ్చిన సలహా బల్లార్‌పూర్‌లో పనికిరాకపోవడానికి ఇలాంటివే కారణాలు.

లైసెన్సుదారు చేతులు పూర్తిగా ఖాళీ అని కూడా అనుకోనక్కర్లేదు. ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 63 ప్రకారం, లైసెన్స్ రద్దయినా ఖాళీ చేసి సామాను తీసుకెళ్ళడానికి తగినంత సమయం ఇవ్వాలి. 'రేపు పొద్దున' అంటే కుదరదు. సెక్షన్ 64 ప్రకారం, డబ్బు తీసుకుని ఇచ్చిన లైసెన్స్‌ను లైసెన్సుదారు తప్పేమీ లేకుండా మధ్యలోనే తెంపేస్తే, ఇచ్చినవాడి నుంచి, అంటే పాత ఓనర్ నుంచి, నష్టపరిహారం అడగొచ్చు. ఇల్లు అమ్ముకుని హైదరాబాద్‌కో నాగ్‌పూర్‌కో వెళ్ళిపోయిన పాత మాలక్‌కు ఈ సెక్షన్ గుర్తుచేస్తూ ఒక నోటీసు పంపితే, ఆయనే కొత్తాయనతో మాట్లాడి గొడవ సర్దే అవకాశాలు ఎక్కువ. ఇంకొకటి. కొత్త ఓనర్ అదే కరారు కింద రెండు మూడు నెలలు డబ్బు తీసుకుని పావతీ ఇచ్చాడంటే, ఆ కరారును తానూ ఒప్పుకున్నట్టే అని వాదించడానికి గట్టి ఆధారం దొరికినట్టు. అందుకే మొదటి నెల డబ్బు బ్యాంకు ద్వారా వేసి, వివరంలో 'ఫలానా తేదీ కరారు ప్రకారం' అని రాయడం మంచిది.

కాగితం లేనివాడి బలం

ఇందాక వింత అన్నది ఇదే. సరిహద్దు పట్టణాల్లో చాలా కిరాయిలు నోటిమాట మీదే నడుస్తాయి. ఎవరో తెలిసినవాళ్ళు చెప్పారు, రెండు నెలల అనామత్ (అడ్వాన్సు) ఇచ్చారు, తాళం తీసుకున్నారు. ఇలాంటివాళ్ళు ఓనర్ మారగానే 'మా దగ్గర కాగితమే లేదు, ఏం చేయగలం' అని బెంగపడతారు. నిజానికి కాగితం లేకపోవడం ఇక్కడ ఓనర్‌కే నష్టం.

మహారాష్ట్ర అద్దె చట్టం సెక్షన్ 55 ప్రకారం, అద్దె అయినా లైసెన్స్ అయినా ఒప్పందం రాతలో ఉండాలి, రిజిస్టర్ కావాలి. 11 నెలలైనా సరే. ఏడాది లోపల ఒప్పందానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న నమ్మకం వేరే రాష్ట్రాల నుంచి వచ్చింది, మహారాష్ట్రలో చెల్లదు. రిజిస్టర్ చేయించే బాధ్యత ఓనర్‌ది. చేయించకపోతే 3 నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ. ఈ శిక్ష కన్నా అదే సెక్షన్‌లోని ఇంకో వాక్యం ముఖ్యం: రిజిస్టరైన ఒప్పందం లేనప్పుడు, ఏ షరతుల మీద ఇల్లు ఇచ్చారన్న దాని గురించి కిరాయిదారు చెప్పిందే చెల్లుతుంది, వేరేలా రుజువైతే తప్ప.

దీన్ని కుక్క గొడవకు వర్తింపజేసి చూడండి. 'ఇది లైసెన్స్ కాదు, అద్దె. కుక్కను పెంచుకోవచ్చన్న షరతు మీదే ఇల్లు తీసుకున్నాం' అని కిరాయిదారు చెబుతాడు. కాదని రుజువు చేయాల్సింది ఓనర్. ఆ మాటలు జరిగినప్పుడు కొత్త ఓనర్ అక్కడ లేనే లేడు. ఆయనకు దిక్కు పాత ఓనర్ సాక్ష్యమే. ఇల్లు అమ్మి డబ్బు చేతికి వచ్చేసిన మనిషి, కొన్నవాడి తరఫున కోర్టు చుట్టూ తిరగడానికి ఎంత ఉత్సాహం చూపిస్తాడో ఊహించుకోవచ్చు. అయితే చెప్పేది నిజమై ఉండాలి. కోర్టులో అబద్ధపు ప్రమాణానికి వేరే సెక్షన్లున్నాయి.

కాగితం ఉండి, అందులో జంతువుల మాటే లేకపోతే? రాతలో లేనిది నిషేధం కాదు. పైగా 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 95, పాత సాక్ష్య చట్టంలాగే, రాత మౌనంగా ఉన్న విషయంలో దానికి విరుద్ధం కాని నోటి ఒప్పందాన్ని రుజువు చేయనిస్తుంది. 'కుక్క బాగుందా? కొత్త గేటు పెట్టించాను, బయటికి పోదులే' అని పాత ఓనర్ పంపిన వాట్సాప్ మెసేజ్ ఒకటి ఫోన్‌లో ఉంటే అది బంగారం. ఫోన్ మార్చేటప్పుడు పోగొట్టుకునేది సరిగ్గా ఇలాంటివే. స్క్రీన్‌షాట్ ఒక్కటే నమ్ముకోకుండా, అసలు చాట్ ఉన్న ఫోన్ కూడా దాచుకోవడం మంచిది. కోర్టులో పెట్టేటప్పుడు ఇదే సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి.

కాగితం ఉండి, అందులో 'పాళీవ్ ప్రాణీ' వద్దని స్పష్టంగా ఉంటే కష్టమే. అయినా అంతా అయిపోయినట్టు కాదు. పాత ఓనర్ నెలనెలా వచ్చి, కుక్కను చూసి, దాని తల నిమిరి, కిరాయి తీసుకుని వెళ్ళాడనుకోండి. షరతు తప్పారని తెలిసీ అద్దె తీసుకుంటే, ఆ తప్పు పేరుతో అద్దెను రద్దు చేసే హక్కును వదులుకున్నట్టే అని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 112 అంటుంది. పాతాయన వదులుకున్నదాన్ని కొత్తాయన తవ్వి తీయడం సులభం కాదు. సెక్షన్ 114ఎ ఇంకో మెట్టు పెడుతుంది: షరతు తప్పారని ఖాళీ చేయించే దావా వేసే ముందు, ఏ షరతు తప్పారో రాసి నోటీసు ఇచ్చి, సరిచేసుకోవడానికి తగిన సమయం ఇవ్వాలి. ఇవి అద్దెకు సంబంధించినవి, లైసెన్స్‌కు కావు.

ఖాళీ చేయించాలంటే కారణం కావాలి

అద్దె చట్టం వర్తించే పట్టణంలో భాడేకరూ కిరాయి కడుతూ, ఒప్పంద షరతులు పాటిస్తున్నంతకాలం ఖాళీ చేయించడానికి వీల్లేదని సెక్షన్ 15 చెబుతుంది. చేయించాలంటే సెక్షన్ 16లో రాసిన కారణాల్లో ఒకటి ఉండాలి. 'నాకు కుక్కలు నచ్చవు' ఆ జాబితాలో లేదు. కానీ రెండు కారణాలు ఉన్నాయి, వాటితో జాగ్రత్త.

ఒకటి, ఓనర్‌కు నిజంగా ఇల్లు కావాల్సి రావడం. కొత్తగా కొన్నవాళ్ళు చాలామంది ఉండడానికే కొంటారు. అలాంటప్పుడు కుక్క సాకు మాత్రమే. కుక్కను బంధువుల ఇంట్లో వదిలి వచ్చినా మూడు నెలలకు ఇంకో సాకు పుడుతుంది. ఇది ముందే తెలుసుకుంటే ఒక కుక్కకు ఇల్లు తప్పించిన పాపం ఉండదు. నిజంగా అవసరం ఉందా, ఖాళీ చేయిస్తే ఎవరికి ఎక్కువ కష్టం అన్నది కోర్టు తూకం వేస్తుంది.

రెండోది ఇంకా దగ్గరిది: ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించే ప్రవర్తన. కుక్క ఉన్న కిరాయిదారు నిజంగా ఓడిపోయేది ఇక్కడే. చట్టం అడిగేది పక్కింటివాళ్ళ ఇబ్బంది, ఎక్కడో వార్ధాలో ఉండే ఓనర్ ఇష్టాయిష్టాలు కావు. ఆయన కింది అంతస్తులోనే ఉంటే మాత్రం ఆయనే పక్కింటివాడు. పోస్ట్‌మ్యాన్‌ను చూసి మొరిగితే ఇబ్బంది అనరు. ఇంట్లోవాళ్ళు డ్యూటీకి పోయాక సందు చివరిదాకా వినపడేలా రోజూ మూడు గంటలు ఏడిస్తే, వరండాలో మలమూత్రాలు కడగకపోతే, మెట్ల దగ్గర పిల్లల మీదికి ఎగబడితే అంటారు. షిఫ్టు డ్యూటీలున్న గనుల ఊళ్ళలో పగటినిద్ర కూడా నిద్రే. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన పక్కింటాయన రెండుసార్లు అడిగి, మూడోసారి మునిసిపాలిటీకి అర్జీ రాస్తే, ఆ అర్జీయే రేపు ఓనర్ చేతిలో సాక్ష్యం. అంటే కిరాయిదారుకు అసలైన రక్షణ వకీలు ఇచ్చేది కాదు, పక్కింటివాళ్ళు ఇచ్చేది. 'ఈ కుక్కతో మాకేం ఇబ్బంది లేదు' అని ముగ్గురు పొరుగువాళ్ళు సంతకం పెట్టిన తెల్లకాగితం, పది సెక్షన్లు ఉన్న నోటీసు కన్నా బరువైనది. రేబిస్ టీకా కార్డు, కార్పొరేషన్‌లో లైసెన్స్ ఉంటే ఆ రసీదు కూడా పక్కన పెట్టుకోవాలి. జంతువు వల్ల మనుషులకు ప్రమాదం జరగకుండా చూడని యజమానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద 6 నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. అది ఓనర్‌కూ కిరాయిదారుకూ మధ్య వ్యవహారం కాదు, నేరం.

మధ్యలో ఒక మాట, కోళ్ళ గురించి. ఈ జిల్లాల్లో పెరడున్న కిరాయి ఇంట్లో కుక్క కన్నా ఎక్కువగా కనిపించేవి నాటుకోళ్ళు. 'పెంపుడు జంతువులు వద్దు' అన్న షరతు కింద అవి వస్తాయా? వస్తాయని ఓనర్, కూరకు పెంచేది పెంపుడు జంతువు ఎలా అవుతుందని కిరాయిదారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి కూసే పుంజు మాత్రం ఏ నిర్వచనం కిందికి రాకపోయినా 'ఇరుగుపొరుగు ఇబ్బంది' కిందికి తప్పక వస్తుంది.

అద్దె చట్టం వర్తించని పల్లెల్లో పరిస్థితి వేరు. నెలనెలా కిరాయి మీద ఉన్న ఇంటికి, వేరే ఒప్పందం లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు చాలు, కారణం చెప్పక్కర్లేదు. అక్కడ హక్కుల గురించి మాట్లాడటం కన్నా సర్పంచ్ ముందు కూర్చుని రెండు మూడు నెలలు గడువు అడగడం తెలివైన పని.

'కుక్కను ఎవరూ ఆపలేరు' అన్న ఫార్వర్డ్

ఫోన్లలో తిరిగే ఆ మెసేజ్‌కు మూలం ఉంది. జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అపార్ట్‌మెంట్ సంఘాలు మెజారిటీ తీర్మానం చేసి కూడా పెంపుడు జంతువుల్ని నిషేధించలేవని, మొరుగుతుందన్న కారణంతో వెళ్ళగొట్టలేవని అందులో ఉంది. కేరళ హైకోర్టు కూడా 2021లో నివాసుల సంఘాల అలాంటి నిబంధనలు చెల్లవంది. చంద్రపూర్, గడ్చిరోలి వాళ్ళు వెళ్ళాల్సింది బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచికి, నాందేడ్ వాళ్ళు ఔరంగాబాద్ బెంచికి. కేరళ తీర్పును అక్కడ ఉదాహరణగా చూపొచ్చు గానీ, అక్కడి కోర్టులు దానికి కట్టుబడి ఉండాలని లేదు. అంతకన్నా పెద్ద తేడా ఇంకోటి. అవన్నీ సంఘానికీ అందులో ఉండేవాళ్ళకూ మధ్య గొడవల గురించి. ఇల్లు ఇచ్చేటప్పుడు 'కుక్క వద్దు' అని ఓనర్ షరతు పెట్టి, కిరాయిదారు ఒప్పుకుని సంతకం చేస్తే, బోర్డు మార్గదర్శకాలు ఆ సంతకాన్ని చెరిపేయవు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది, వద్దంటున్నది సొసైటీయా, ఫ్లాటు ఓనరా అన్నది. సొసైటీ అయితే ఆ మార్గదర్శకాలు తీయొచ్చు. ఓనర్ అయితే కరారు తీయాలి.

జవాబు నచ్చక చేతకొద్దీ విసిగించే ఓనర్లూ ఉంటారు. మోటారు ఆపేస్తారు, కరెంటు ఫ్యూజు పీకేస్తారు. అద్దె చట్టం సెక్షన్ 29 ప్రకారం నీళ్ళు, కరెంటు లాంటివి ఆపడం నేరం, కోర్టు వాటిని తిరిగి ఇప్పించగలదు. ఊరెళ్ళి వచ్చేసరికి తాళం మారిపోయి ఉంటే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 ఉంది. చట్టప్రకారం కాకుండా బయటికి నెట్టబడ్డవాళ్ళు 6 నెలల లోపల దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నతో పనిలేకుండా స్వాధీనం తిరిగి పొందొచ్చు. కిరాయి తీసుకోకుండా మొండికేసి, తర్వాత 'బాకీ పడ్డారు' అనడం ఇంకో పాత ఎత్తు. బాకీ పేరుతో దావా వేయాలంటే ముందు రాతపూర్వక నోటీసు ఇచ్చి 90 రోజులు ఆగాలి. ఈలోగా ఓనర్ ఖాతాలో డబ్బు వేస్తూ ఉంటే ఆ ఎత్తు పారదు. అద్దె దావాలు మామూలుగా తాలూకా కేంద్రంలోని సివిల్ జడ్జి జూనియర్ డివిజన్ కోర్టులో. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

ఇంత చెప్పినా, లైసెన్స్ గడువు తీరాక కొత్త ఓనర్ కొత్త షరతు పెట్టడాన్ని చట్టం ఆపదు. గడువు తీరాక లైసెన్సుదారు ఖాళీ చేయకపోతే అద్దె చట్టం సెక్షన్ 24 కింద రెట్టింపు డబ్బు కట్టాల్సి వస్తుంది. కాబట్టి మొండిగా కూర్చోవడం ఖరీదైన వ్యవహారం. ఇక్కడే కొందరు తప్పు దారి తొక్కుతారు: కుక్కను బండి మీద తీసుకెళ్ళి వైన్‌గంగ ఒడ్డునో, హైవే ధాబా దగ్గరో వదిలేసి వస్తారు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. 1960లో 50 రూపాయలంటే బరువే. ఇప్పుడు టీ, మిర్చి బజ్జీలకు సరిపోతుంది. చట్టం అక్కడే ఆగిపోయింది.

ఇవన్నీ గొడవ వచ్చాక చేసేవి. గొడవకు ముందు చేయగలిగినది ఒకటుంది. ఇల్లు అమ్మకానికి పెట్టారని, కొనేవాళ్ళు చూసి వెళ్తున్నారని వినగానే, అమ్మకం జరగకముందే పాత ఓనర్‌కు ఒక ఉత్తరం రాయాలి. పెద్ద భాష అక్కర్లేదు. 'ఫలానా సంవత్సరం నుంచి మీ ఇంట్లో ఉంటున్నాం. మీ అనుమతితో ఒక కుక్కను పెంచుకుంటున్నాం. మా అనామత్ ఇంత మీ దగ్గర ఉంది. ఇల్లు అమ్మితే ఈ విషయాలు కొనేవారికి తెలియజేయండి.' రెండు కాపీలు తీసి ఒకదాని మీద ఆయన సంతకం అడగాలి. అమ్మేముందు ఓనర్ మంచి మూడ్‌లో ఉంటాడు, మామూలుగా పెడతాడు. పెట్టకపోతే స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోవాలి. అనామత్ ఎవరి దగ్గర ఉందన్న గొడవ కూడా దీంతోనే తేలుతుంది. కుక్క కన్నా పెద్ద గొడవ సాధారణంగా అదే.

కొత్తగా కరారు రాసుకునేవాళ్ళు ఏజెంటు చేసుకొచ్చిన ఫారంలో 'మనాయీ' వాక్యం కొట్టేయించి, దాని చోట ఇది రాయించుకోవచ్చు: 'భాడేకరూస్ ఏక్ పాళీవ్ కుత్రా ఠేవణ్యాచీ పరవానగీ ఆహే.' ఒక పెంపుడు కుక్కను ఉంచుకోవడానికి అనుమతి ఉంది అని. దాని కింద ఇంకో వాక్యం: గడువు లోపల ఇల్లు అమ్మితే, ఈ షరతును కొనేవారితో ఒప్పించే బాధ్యత ఓనర్‌ది, ఒప్పించలేకపోతే మిగిలిన నెలల ఇబ్బందికి పరిహారం ఇస్తాడు. ఇల్లు కొన్నవాడికి లైసెన్స్ వర్తించదన్న ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 59 రంధ్రాన్ని పూడ్చేది ఈ రెండో వాక్యమే. ఓనర్ కొంచెం నసుగుతాడు. రిజిస్ట్రేషన్‌కు ఆధార్ వేలిముద్ర వేయకముందే ఒప్పించుకోవాలి. లీవ్ అండ్ లైసెన్స్ మీద స్టాంపు డ్యూటీ మొత్తం కిరాయి, అనామత్ లెక్క మీద 0.25 శాతం. రిజిస్ట్రేషన్ ఫీజు పల్లెలో 500, పట్టణంలో 1,000 రూపాయలు. కరారులో ఎన్ని వాక్యాలున్నా ఆ లెక్క మారదు.